నాన్న చేతిలో ఉన్న తెలివిని కంప్యూటర్‌కి ఎక్కించడం కుదురుతుందా?

మీ ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంది, అందుకని ముందు నాకు అర్థమైంది చెబుతాను, తప్పయితే సరిదిద్దండి. మీది కొండపి దగ్గర పల్లె. నాన్నగారు ముప్పై ఏళ్ళుగా పొగాకు వేస్తున్నారు. బ్యారన్‌లో (ఆకుని సెగతో ఆరబెట్టే కొట్టు) సెగ ఎప్పుడు పెంచాలో, మండె (ఆరిన ఆకు పేర్చిన కుప్ప) ఎప్పుడు తిప్పాలో, ఏ ఆకు బ్రైట్ అనే మేలు గ్రేడులోకి పోతుందో, ఏది లో గ్రేడులో పడుతుందో చూడగానే చెప్పేస్తారు. మీరు ఎం.ఏ. ఫిలాసఫీ చదివి ఇప్పుడు కంప్యూటర్ కోర్సు చేస్తున్నారు. ఆయనకు తెలిసిందంతా లాజిక్‌లో నియమాలుగా రాసి కంప్యూటర్‌లో పెట్టొచ్చా, చదివిన ఫిలాసఫీ ఆ పనికి అక్కరకొస్తుందా, చాట్‌జీపీటీ వచ్చాక ఇదంతా పాత చింతకాయ పచ్చడేనా? ఇవీ మీ మూడు ప్రశ్నలు.

సూటిగా చెప్పాలంటే: కొంత పెట్టొచ్చు, అంతా కుదరదు. ఫిలాసఫీ బాగా అక్కరకొస్తుంది, కానీ మీరు అనుకుంటున్న చోట కాదు. పాతబడిపోలేదు.

మీరు లాజిక్ కష్టమని భయపడుతున్నట్టున్నారు. 'ఇది ఉంటే అది' అని నియమం రాయడం వారం రోజుల్లో వచ్చేస్తుంది. ఆ నియమంలో వాడిన ఒక్కో మాట లోకంలో దేన్ని చూపిస్తోంది, దాన్ని ఒకటిగా లెక్కపెట్టాలా రెండుగానా, ఎప్పటిదాకా అది అదే, ఇవి తేల్చడానికే నెలలు పడతాయి. నా పదిహేడేళ్ళ పనిలో ప్రోగ్రాం తప్పు చెప్పిన ప్రతిసారీ వెనక్కి వెళ్ళి చూస్తే, ఎక్కువసార్లు తర్కం సరిగ్గానే ఉంది, మాట దగ్గర దెబ్బతిన్నాం.

నా సంగతి రెండు ముక్కల్లో: పుట్టింది కావలి. పదేళ్ళు చెన్నైలో ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ల కోసం రోగాల పేర్లు, లక్షణాల పేర్లు ఒక పద్ధతిలో పేర్చే పని చేశాను. ఏడేళ్ళుగా నెల్లూరులో ఉండి ధాన్యం, స్థలాలు, రొయ్యల చెరువుల మీద అలాంటి పనులే చేస్తున్నాను. పొగాకు గురించి నాకు తెలిసింది తక్కువ. చిన్నప్పుడు సెలవుల్లో బంధువుల బ్యారన్ దగ్గర వెచ్చగా పడుకోవడం తప్ప. కాబట్టి పొగాకు సంగతుల్లో తప్పులుంటే మీ నాన్నగారిదే తుది మాట.

ముందు నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ఇళ్ళ స్థలాల లెక్కలు చూసే చిన్న ప్రోగ్రాం రాశాం. నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులని ఆటో డ్రైవర్ని అడిగినా చెబుతాడు. నేను కూడా 'ఒక అంకణం = 72 చదరపు అడుగులు' అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. కొన్నాళ్ళకు అందులోకి తిరుపతి వైపు స్థలాలు చేరాయి. ఆ పక్క అంకణం అంటే 36. ఇంకేముంది, అక్కడి స్థలాలన్నీ కాగితం మీద రెట్టింపయ్యాయి. ప్రోగ్రాం గుణకారం ఎక్కడా తప్పలేదు. నేను ఇచ్చిన వాక్యాన్ని భక్తిగా నమ్మి, దానికి తగ్గ ముగింపులన్నీ శుభ్రంగా తీసింది. తర్కం పని అంతే కదా, పైన పోసింది కిందికి దించడం.

పుట్టి అయితే ఇంకా తమాషా. పాత లెక్కలో పుట్టి అంటే ఇరవై తూములు. అది కొలత, అంటే పాత్రలో ఎంత పడుతుందన్న లెక్క. ఇప్పుడు నెల్లూరు ధాన్యం బేరంలో పుట్టి అంటే 850 కేజీలు. అది తూకం. ఒకే మాట, రెండు వేర్వేరు జాతుల వస్తువులు. 36కీ 72కీ మధ్య తేడా అంకెలో ఉంది, సరిచేసుకోవచ్చు. కొలతకీ తూకానికీ మధ్య తేడా అంకెలో లేదు, ఒకదాని నుంచి ఇంకొకదానికి పోవాలంటే అది ఏ రకం ధాన్యం, ఎంత తేమ ఉంది అన్నవి మధ్యలో రావాలి. పైగా తేమ పేరు చెప్పి పుట్టికి ఇంకొన్ని కేజీలు ఎక్కువ తూచుకునే వ్యాపారులు ఉండనే ఉన్నారు, కాబట్టి కాగితం మీది పుట్టి, కాటా మీది పుట్టి అని మూడోది కూడా తయారవుతుంది. మా ప్రోగ్రాంలో చివరికి 'పుట్టి' అన్న మాటే ఒంటరిగా వాడకూడదని పెట్టుకున్నాం.

దీనికి మందు, వాక్యాన్ని 'నిజమా కాదా' అని అడగడం మానేసి 'ఎక్కడ నిజం, ఎవరి లెక్కలో నిజం' అని అడగడం. కృత్రిమ మేధ అనే పేరు పెట్టిన జాన్ మెకార్తీ దీని మీద చాలా తలబద్దలు కొట్టుకున్నాడు. చెన్నై ఐఐటీలో చదివి వెళ్ళిన ఆర్.వి. గుహ 1991లో స్టాన్‌ఫర్డ్‌లో ఈ సందర్భాల సమస్య మీదే పీహెచ్‌డీ చేశాడు. ఆ గుహే అంతకుముందు సైక్ ప్రాజెక్టులో పనిచేశాడు. డగ్లస్ లెనాట్ 1984లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. మనుషులకు మామూలుగా తెలిసే లోకజ్ఞానాన్ని వాక్యం వాక్యంగా చేత్తో రాసి కంప్యూటర్‌కి ఎక్కించాలన్నది దాని పంతం. దశాబ్దాలు రాశారు, లక్షల లక్షల వాక్యాలు. అన్నీ ఒకే కుప్పలో పోస్తే ఒకదాన్ని ఒకటి కొట్టుకుంటున్నాయని, చిన్న చిన్న గదులుగా విడదీసి, ఏ గదిలో మాట ఆ గదిలోనే చెల్లేట్టు చేసుకోవాల్సి వచ్చింది. నెల్లూరు గదిలో అంకణం 72, తిరుపతి గదిలో 36. గొడవ లేదు.

చోటు ఒక్కటే కాదు, కాలం కూడా అంతే. కందుకూరు ఏ జిల్లాలో ఉంది? మా తాత ఉంటే నెల్లూరు అనేవాడు. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది, 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. ఈలోపు 2008లో నెల్లూరు జిల్లా పేరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు అయింది. ఇప్పుడు చెప్పండి, పేరు మారిన జిల్లా అదే జిల్లానా? పొలిమేరలు మారిన జిల్లా అదే జిల్లానా? 1985లో కందుకూరులో పుట్టినవాడి సర్టిఫికెట్‌లో ప్రకాశం అని ఉంటే ప్రోగ్రాం దాన్ని తప్పని పట్టుకోవాలా? 'కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉంది' అని కాకుండా 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఉంది' అని రాసుకుంటే రేపు ఏం మారినా ఇంకో వరస చేరుతుంది, పాత వరసలు అబద్ధాలు కావు. ఈ చిన్న జాగ్రత్త లేక ఎన్ని పట్టికలు పాడయ్యాయో నేను చూశాను.

మీరు చదివిన ఫిలాసఫీ పనికొచ్చేది ఇదిగో ఇక్కడ. 'ఒక వస్తువు మారుతూ కూడా అదే వస్తువుగా ఎలా ఉంటుంది', 'ఉన్నవాటిని ఎన్ని రకాలుగా విడదీయాలి' అనేవి పరీక్షల కోసం బట్టీపట్టిన ప్రశ్నలు కదా, ఇక్కడ అవి రోజువారీ పని. మన పాత దర్శనాల్లో ఒకటైన వైశేషికం వాళ్ళు ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం (లేకపోవడం) అని ఏడు పదార్థాలు, అంటే లోకంలోని సంగతులకు ఏడు పద్దులు, చెప్పారు. మీ సిలబస్‌లో వీటిని చెప్పే చిన్న పాఠ్యపుస్తకం తర్కసంగ్రహం ఉండే ఉంటుంది, దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడంటారు. కంప్యూటర్ వాళ్ళు ఇలాంటి పద్దుల జాబితాకే ఆంటాలజీ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు ఫిలాసఫీ నుంచి అరువు తెచ్చుకున్నదే. అరువు తెచ్చుకున్నవాళ్ళలో చాలామందికి లోపలి సరుకు తెలియదు, అది వేరే సంగతి.

మీ పొగాకునే తీసుకోండి. 'గ్రేడు' అనేది ఏమిటి? ఆకులో ఉండే గుణమా? రంగు ఆకులో ఉంది. మచ్చ ఆకులో ఉంది. మొక్కలో ఏ వరుస నుంచి తెంపారన్నది ఆకు చరిత్ర. గ్రేడు మాత్రం ఒక మనిషి ఒక రోజున ఆ ఆకును చూసి చెప్పిన మాట. వేలం కేంద్రంలో ఒకరోజు నో బిడ్ (ఎవరూ పాడలేదు) అని పక్కన పెట్టిన బేలు (ఆకు మూట) ఇంకోరోజు అమ్ముడుపోవడం మీరు చూసే ఉంటారు. ఆకు మారిందా? లేదు. కాబట్టి గ్రేడును ఆకు గుణాల పక్కన ఒక గడిలో రాసేస్తే, ఒకే ఆకుకి రెండు గ్రేడులు వచ్చిన రోజున మీ ప్రోగ్రాం ఆకు రెండుగా ఉందంటుంది, లేదా పాతది చెరిపేస్తుంది. గ్రేడును ఒక సంఘటనగా రాయండి: ఎవరు, ఎప్పుడు, దేన్ని చూసి, ఏమన్నారు. ఇలా రాస్తే ఇంకో లాభం కూడా ఉంది, మీ నాన్నగారి గ్రేడుకీ కొనుగోలుదారుడి గ్రేడుకీ ఎక్కడెక్కడ తేడా వస్తోందో బయటపడుతుంది. బహుశా మీ ఇంట్లో డబ్బు పోయేది ఆ సందులోనే.

ఇంకొకటి, 'తెలియదు' వేరు, 'లేదు' వేరు. ఇది నేను చూసిన వాటిలో అన్నిటికంటే నష్టం చేసిన గందరగోళం. ఇందుకూరుపేట వైపు నాకు తెలిసిన కౌలు రైతు ఒకాయన. ఒక ఆఫీసులో అర్హులెవరో తేల్చే ప్రోగ్రాం (నేను రాసింది కాదు, తర్వాత బాగుచేయమని పిలిచారు) ఆయన పేరు తీసేసింది. కారణం చూస్తే, కౌలు పత్రం గడి ఖాళీ. ఖాళీ కాబట్టి కౌలు లేదు, కౌలు లేదు కాబట్టి రైతు కాడు, రైతు కాడు కాబట్టి అర్హత లేదు. మెట్టు మెట్టుకీ తర్కం భేషుగ్గా ఉంది. నిజానికి ఆ ఊరి కౌలు పత్రాలు అప్పటికి ఎవరూ ఎక్కించనే లేదు! మూడు నెలలు తిరిగాడు ఆయన.

రేమండ్ రీటర్ అనే ఆయన 1978లో దీనికి ఒక పేరు పెట్టాడు, మూసిన లోకం అనుకోవచ్చు తెలుగులో. పట్టికలో లేనిది లోకంలోనూ లేదనుకోవడం. అది ఎప్పుడూ తప్పని కాదు. బస్టాండులో బోర్డు మీద రాత్రి పదకొండుకి కనిగిరి బస్సు రాసి లేకపోతే ఆ బస్సు లేదనే అనుకుంటాం, సరే. ఎందుకంటే ఉంటే రాసేవాళ్ళు. కౌలు పత్రాల పట్టికకి ఆ గ్యారంటీ లేదు. ఈ తేడాని మన భాట్ట మీమాంసకులు (కుమారిల భట్టు దారిలో నడిచిన పాత తాత్వికులు) ఎంత నిక్కచ్చిగా పట్టుకున్నారో చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కనబడకపోవడం వల్ల లేదని తెలుసుకోవడాన్ని వాళ్ళు అనుపలబ్ధి అని ప్రత్యేక ప్రమాణంగా, అంటే తెలుసుకునే వేరే దారిగా, లెక్కవేశారు (న్యాయ దర్శనం వాళ్ళు, అంటే నైయాయికులు, ఒప్పుకోలేదు, అభావం ప్రత్యక్షంతోనే తెలుస్తుందన్నారు), కానీ ఒక షరతు పెట్టారు: వస్తువు అక్కడ ఉండుంటే కనబడి తీరాల్సిన పరిస్థితి ఉండాలి. వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటి గదిలో కనబడకపోతే ఏమీ తేలలేదు. యోగ్యానుపలబ్ధి అంటారు. నేను ఇప్పుడు ప్రతి పట్టికకీ ఒక గడి ఎక్కువ పెడతాను, 'ఈ గదిలో దీపం ఉందా' అని. నవ్వకండి, నిజంగానే ఆ గడి పేరు అదే.

ఇప్పుడు మినహాయింపుల సంగతి, ఇందులో నా ముఖం పగిలింది కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీ కోసం చెరువుల సలహాల ప్రోగ్రాం కట్టాం. ముత్తుకూరు, విడవలూరు, అటు ఉలవపాడు దాకా తిరిగి అనుభవమున్న రైతులతో మాట్లాడి నియమాలు రాసుకున్నాం. అందులో ఒకటి: రొయ్యలు పైకి తేలి గట్టు వెంట తిరుగుతుంటే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయింది, ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) వెయ్యాలి. వెనామీ రకం రొయ్య పెంచే ఎవరినడిగినా ఇదే చెబుతారు. బాగానే నడిచింది. తర్వాత ముత్తుకూరులో ఒక చెరువులో రొయ్యలు గట్టుకొచ్చాయి, ప్రోగ్రాం ఏరేటర్లన్నది, వేశారు. తగ్గలేదు. మళ్ళీ ఏరేటర్లే అన్నది. రెండు రోజులు అదే పాట. మీటర్ పెట్టి చూస్తే ఆక్సిజన్ నిక్షేపంగా ఉంది. అది తెల్లమచ్చ వైరస్. ఆ రోగంలో కూడా రొయ్యలు నీరసపడి గట్టు పట్టుకుంటాయి.

ఆ నియమం చెప్పిన పెద్దాయన దగ్గరకే మళ్ళీ పోయాను, మీరు ఇలా చెప్పారు కదా అని. ఆయన అన్నాడు, "నేను తెల్లారుజామున గట్టుకొస్తే అని చెప్పాను అబ్బయ్యా, ఎప్పుడొచ్చినా అని చెప్పలా". రికార్డింగ్ పెట్టి విన్నాను. నిజమే. తెల్లారుజామున అనే అన్నాడు. మేము దాన్ని మాటవరసకి అన్నమాట అనుకుని రాసుకోలేదు! నీళ్ళలో నాచు రాత్రంతా ఆక్సిజన్ పీల్చుకుంటుంది, వెలుగు లేక తయారుచేయదు, అందుకని తెల్లవారేముందు చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. ఆ నియమం నిలబడింది ఆ ఒక్క మాట మీద. మధ్యాహ్నం గట్టుకొస్తే అది వేరే కథ.

నైయాయికులు దీన్నే ఉపాధి అంటారు. కొండ మీద పొగ కనిపిస్తే నిప్పుంది అనొచ్చు, నిప్పుంటే పొగ ఉంటుందని మాత్రం అనకూడదు, ఎందుకంటే ఎర్రగా కాలిన ఇనప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే మధ్యలో తడి కట్టె ఉండాలి. చెప్పకుండా దాక్కున్న ఆ తడి కట్టే ఉపాధి.  నియమం రాసిన ప్రతిసారీ 'ఇందులో తడి కట్టె ఎక్కడుంది' అని అడగండి.

కానీ ఎంత వెతికినా మినహాయింపులన్నీ ముందే రాయలేం. బడిలో నేర్పే తర్కంలో ఒక లక్షణం ఉంది: ఒకసారి రుజువైంది, కొత్త సంగతులు ఎన్ని తెలిసినా, రుజువైనట్టే. మన బతుకు అలా నడవదు. పిట్ట అంటే ఎగురుతుందనుకుంటాం, అది పెంగ్విన్ అని తెలిస్తే మాట వెనక్కి తీసుకుంటాం, ఇందులో సిగ్గేమీ లేదు. 1980లో రీటర్ ఒక పద్ధతి, మెకార్తీ ఇంకో పద్ధతి కట్టారు, 'అడ్డం చెప్పే సంగతి కనబడనంతవరకూ ఇలా అనుకో' అని తర్కంలోనే రాసుకోవడానికి. తర్కంలోనే ప్రోగ్రాం రాసే ప్రోలాగ్ భాషలో ఇది కొంత సులువుగా వస్తుంది. మీరు మొదలుపెట్టడానికి నేను దాన్నే చెబుతాను, దాన్ని నడిపే స్వి-ప్రోలాగ్ (SWI-Prolog) ఉచితంగా దొరుకుతుంది. పద్దుల జాబితా బొమ్మలుగా చూసుకుంటూ కట్టాలంటే స్టాన్‌ఫర్డ్ వాళ్ళ ప్రొటెజే ఉంది, అదీ ఉచితమే. ఒకటి గుర్తుంచుకోండి, ప్రొటెజేలో వాడే ఔల్ (OWL) భాష తెరిచిన లోకాన్ని నమ్ముతుంది, రాయనిది తెలియదు అంటుంది. ప్రోలాగ్ మూసిన లోకాన్ని నమ్ముతుంది, రాయనిది లేదు అంటుంది. రెండూ పక్కపక్కన వాడి, జవాబులు ఎందుకు కలవడం లేదని రాత్రుళ్ళు కూర్చున్నవాళ్ళు ఉన్నారు. నేనే.

అన్నీ చెప్పగలిగే భాష ఒకటుంటే పోలేదా అంటారేమో. అన్నీ కాకపోయినా చాలా చెప్పగలిగేది ఉంది, ఫస్ట్ ఆర్డర్ లాజిక్ ('అన్నీ', 'కొన్ని' అని కూడా చెప్పగలిగే తర్కం). కానీ దానిలోనే ఏ ప్రశ్న ఇచ్చినా తప్పకుండా జవాబు తేల్చి ఆగే యంత్రం సాధ్యం కాదని గణితజ్ఞులు చర్చ్, ట్యూరింగ్ 1936లోనే చూపించారు. అందుకని ఎంత చెప్పగలగాలి, ఎంత త్వరగా తేలాలి అన్నదాని మధ్య బేరం తప్పదు. మీ పనికి ఇది అడ్డం రాదు, వదిలేయండి.

సందేహాల దగ్గర ఒక జాగ్రత్త. స్టాన్‌ఫర్డ్‌లో 1970ల్లో మైసిన్ అనే ప్రోగ్రాం కట్టారు, రక్తంలో చేరిన బ్యాక్టీరియా జబ్బులకి మందు చెప్పేది, కొన్ని వందల నియమాలతో. పరీక్షించి చూస్తే నిపుణులైన డాక్టర్లతో సరితూగింది, అయినా రోజువారీ వైద్యంలోకి రాలేదు. అందులో ప్రతి నియమానికీ ఎంత నమ్మకమో ఒక అంకె ఇచ్చేవాళ్ళు. అది చూసి చాలామంది అన్నిటికీ అంకెలు పెట్టేస్తారు, 0.7 అని. ఆ 0.7 దేనిది? ఈ చెరువులో వైరస్ ఉందో లేదో నాకు తెలియదు, ఉండొచ్చని 0.7 నమ్మకం అంటే అది నా తెలియనితనం. పీసీఆర్ పరీక్ష చేయిస్తే అవునో కాదో తేలిపోతుంది. ఈ ఆకు 0.7 పండింది అంటే ఏ పరీక్ష చేయించినా తేలదు, ఎందుకంటే అది నిజంగానే పచ్చకీ పండుకీ మధ్య ఉంది. మొదటిది సంభావ్యత, రెండోది 1965లో లాట్ఫీ జాదే అనే ఆయన ఫజ్జీ (అంచు స్పష్టంగా లేనిది) అని చెప్పిన రకం. రెండిటినీ ఒకే అంకెగా కలిపి గుణించారంటే వచ్చేదానికి అర్థమే ఉండదు. మీ పొగాకులో రెండూ ఉంటాయి, జాగ్రత్త.

మరి ఎక్కించలేనిది ఏమిటి? చేతిలో ఉన్నది. ఆకు పదునుకొచ్చిందో లేదో మీ నాన్నగారు ఎలా చెబుతారు? గుప్పిట్లో పట్టి వదిలి చూస్తారు. ఎంత మెత్తగా ఉంటే పదును అంటే 'అదే, తెలుస్తుందిగా' అంటారు. ఆయన దాచిపెట్టడం లేదు. ఆయనకు తెలుసు, మాటల్లో తెలియదు. నిపుణుడి దగ్గర నుంచి తెలివి రాబట్టడమే ఈ పనిలో ఇరుకు సందు అని, ఇలాంటి ప్రోగ్రాంలు కట్టిన ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ చాలా ముందే చెప్పాడు. కంప్యూటర్ రంగంలో పెద్ద బహుమతి అయిన ట్యూరింగ్ అవార్డుని 1994లో, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారితో పంచుకున్నది ఈయనే. ఇలాంటిచోట నియమం రాయడానికి పెనుగులాడకండి. తేమ మీటరు పెట్టి అంకె తీసుకోండి, లేదా 'నాన్న చేతి తీర్పు: పదును / పదును కాదు' అని ఒక గడి పెట్టి ఆయనే నింపేట్టు చేయండి. మిగతా తర్కం దాని మీద నడుస్తుంది.

ఆయన దగ్గర కూర్చున్నప్పుడు 'ఎందుకు' అని అడగకండి. ఎందుకు అంటే మనుషులు అందమైన కారణాలు కల్పిస్తారు. రెండు ఆకులు పక్కపక్కన పెట్టి 'తేడా ఏంది' అని అడగండి. మూడు పెట్టి 'వీటిలో జత కానిది ఏది' అనండి. అన్నిటికంటే బాగా పనిచేసే నా చిట్కా ఏమిటంటే, కావాలని తప్పు నియమం ఒకటి రాసుకొచ్చి గట్టిగా చదవండి. కోపంలో వచ్చే సవరణ బంగారం. అంతా రికార్డు చేసుకోండి, 'తెల్లారుజామున' లాంటి మాట మీ చెవికి మొదటిసారి ఆనదు.

ఇక చాట్‌జీపీటీ సంగతి. నేను వాడతాను, సిగ్గుపడను. గంట రికార్డింగ్‌ని రాతలోకి మార్చి, ఇందులో నియమాల్లా ఉన్న వాక్యాలు ఏరమంటే పది నిమిషాల పని. ఒకసారి అలా ఏరించిన నియమాల్లో ఆక్సిజన్ ఇంత పీపీఎం కంటే తగ్గితే అని ఒక అంకె వచ్చింది. చూడటానికి సబబుగానే ఉంది. రికార్డింగ్‌లో రైతు అసలు అంకె అననే లేదు. అదే దానితో చిక్కు: ఏది ఆ మనిషి చెప్పింది, ఏది అది అతికించింది అన్నది పైకి తెలియదు. రాసిపెట్టిన నియమానికి మాత్రం అడ్రసుంటుంది. ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఏ రికార్డింగ్‌లో ఎన్నో నిమిషం అని నేను ప్రతి నియమం పక్కనా రాస్తాను. తప్పు జరిగిన రోజున ఏ వాక్యం వల్ల జరిగిందో వేలు పెట్టి చూపించొచ్చు, ముత్తుకూరులో నేను చూపించగలిగినట్టు. కాబట్టి ఏరడానికి అది, నిలబెట్టడానికి ఇది. ఇప్పటికి నా పద్ధతి ఇదే.

మీరు మధ్యలో 'సంస్కృతమే కంప్యూటర్‌కి సరైన భాష అని నాసా తేల్చిందట కదా' అన్నారు. తేల్చలేదు. 1985లో రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు ఒక పత్రికలో వ్యాసం రాశాడు, మన వైయాకరణులు వాక్యార్థాన్ని విడదీసి చెప్పే తీరుకీ కంప్యూటర్ వాళ్ళు గీసే అర్థాల వలలకీ పోలిక ఉందని. మంచి గమనిక. అది చేతులు మారి మారి వాట్సాప్‌కి వచ్చేసరికి ఇలా అయింది. నేను పైన మీమాంస, న్యాయం మాట్లాడింది గొప్ప కోసం కాదు, ఆ షరతులు నా పట్టికల్లో నిజంగా పనిచేశాయి కాబట్టి.

మొదలుపెట్టేటప్పుడు పొగాకు మొత్తం మీద పడకండి. క్యూరింగ్ వదిలేయండి, నారుమడి వదిలేయండి. గ్రేడు ఒక్కటే పట్టుకోండి, అందులోనూ ఒక్క సీజను ఆకు. ముందు ప్రోగ్రాం జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు ఒక పది మామూలు తెలుగులో రాయండి, 'ఈ బేలుకి నాన్న ఒకటి, కొన్నవాడు ఇంకొకటి ఎందుకన్నారు' లాంటివి. ఆ ప్రశ్నలకు అక్కర్లేని మాట ఒక్కటి కూడా జాబితాలో పెట్టకండి. నేను మొదటిసారి రొయ్యకున్న కాళ్ళ సంఖ్య దాకా రాశాను, ఎవరూ అడగలేదు.

ఆ పది ప్రశ్నలూ ఇక్కడే కింద పెట్టండి, ఆదివారం తీరిగ్గా చూస్తాను. అలాగే మీ ఊళ్ళో అంకణం ఎన్ని అడుగులో నాన్నగారిని అడిగి రాయండి, నా పట్టికలో కొండపి వరస ఇంకా ఖాళీగా ఉంది, దీపం గడిలో 'లేదు' అని పెట్టి ఉంచాను.